కూడిక గుర్తు పెట్టిన పిల్లలు

ఉగాది నాడు పచ్చడి బల్ల దగ్గర మాకొక అప్పు పడింది. దాన్ని ఈ నెల శీర్షికలో తీర్చుకుంటున్నాం.

సంగతేమిటంటే, మన ఊరికి కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి ఉంది. గుంటూరులో ఎం.బి.బి.ఎస్. పూర్తి చేసి వచ్చింది. రెసిడెన్సీ దొరికేలోగా ఒక పెద్ద హాస్పిటల్లో జీతం లేకుండా రిసెర్చి పని చేస్తోంది. పులిహోర ప్లేటు పట్టుకుని మా దగ్గరికి వచ్చి, "సార్, మా ప్రొఫెసరు మూడు వందల మంది పేషెంట్ల డేటా చేతిలో పెట్టి, నెల్లాళ్ళలో ఎనాలిసిస్ చేసి తెమ్మన్నారు. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటారు?" అని అడిగింది.

మేము నోరు తెరిచేలోగా బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు తలొక మాటా అందుకున్నారు. కంప్యూటరు కంపెనీలో పనిచేసే మిత్రుడొకాయన "పైథాన్ అమ్మా, ఇంకేదీ వద్దు" అన్నారు. హైస్కూలు కుర్రాడొకడు "ఎక్సెల్ చాలదా అంకుల్?" అన్నాడు. మందుల కంపెనీలో పెద్ద ఉద్యోగం చేస్తున్న మరో మిత్రుడు "సాస్ నేర్చుకో తల్లీ, రేపు రెసిడెన్సీ రాకపోయినా అన్నానికి లోటుండదు" అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు గాని, ఆ మాటతో అమ్మాయి ముఖం చిన్నబోయింది. మేము కూడా ఒకప్పుడు ఆ వరసలో నిలబడి వచ్చినవాళ్ళమే కనుక మాకది తెలిసింది. "నిలబడి చెప్పే మాట కాదమ్మా, పత్రికలో రాస్తాం" అని మాట ఇచ్చాం.

ముందుగా అడిగినదానికి సూటిగా జవాబు చెప్పి, తరువాత అడగని సంగతి చెబుతాం. అసలు చెప్పవలసింది ఆ రెండోదే.

ఈ ప్రోగ్రాములు నిన్న మొన్న పుట్టినవి కావు. వైద్య పరిశోధన కోసమే పుట్టిన తొలి ప్రోగ్రాముల్లో ఒకటి బి.ఎం.డి. 1960ల మొదట్లో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విల్‌ఫ్రిడ్ డిక్సన్ బృందం దాన్ని తయారు చేసింది. ఆ రోజుల్లో ఒక్కొక్క పేషెంటూ ఒక చిల్లుల కార్డు. 1968లో స్టాన్‌ఫర్డ్‌లో నార్మన్ నై, ఇద్దరు మిత్రులు కలిసి సామాజిక శాస్త్రాల వారికోసం ఎస్.పి.ఎస్.ఎస్. చేశారు. సాస్ పుట్టుక ఇంకా తమాషా. అది నార్త్ కెరొలైనా స్టేట్ యూనివర్సిటీలో వ్యవసాయ పరిశోధనల లెక్కల కోసం 1966 ప్రాంతంలో మొదలై, 1976లో కంపెనీ అయింది. అంటే పొలం లెక్క కోసం పుట్టినది ఇవాళ మందుబిళ్ళల లెక్క చూస్తోందన్నమాట. స్టేటా 1985లో వచ్చింది. ఇక ఆర్ అన్నది 1990ల మొదట్లో న్యూజీలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు అధ్యాపకులు చేసినది. బెల్ లాబ్స్‌లో 1976లో పుట్టిన ఎస్ అనే భాషకు అది తమ్ముడి వరస. దాని 1.0.0 ప్రతి 2000 ఫిబ్రవరి 29న విడుదలయింది. దానికి కాణీ ఖర్చు లేదు.

జీతం లేని మనిషికి ఖర్చు లేని సాఫ్ట్‌వేర్ నప్పుతుంది గనుక, అమ్మాయీ, ఆర్ నేర్చుకో. హాస్పిటలువారు ఎస్.పి.ఎస్.ఎస్. గాని స్టేటా గాని ఉచితంగా ఇస్తే అదీ మంచిదే. సాస్ చెడ్డదని మేమనడం లేదు. మందుల కంపెనీలు ఎక్కువగా దానినే నమ్ముకున్నాయి. అయితే ఫలానా సాఫ్ట్‌వేరే వాడాలన్న నిర్బంధం తమకు లేదని ఎఫ్.డి.ఏ. 2015లోనే రాతపూర్వకంగా చెప్పింది. కనుక ఈ విషయంలో మడి కట్టుకోవలసిన పని లేదు.

అడిగినది అయింది. ఇప్పుడు అడగనిది.

ఈ విద్య నేర్చుకునే వారందరూ ఎప్పుడో ఒకప్పుడు ఒక చిన్న డేటాను చూస్తారు. ఆర్‌లోనూ అది ఉంటుంది, పాఠ్యపుస్తకాల్లోనూ ఉంటుంది. దాన్ని గురించి చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ పరిశోధనాలయంలో నడిపిన బృందం ఎమినాప్టెరిన్ అనే మందు చేసింది. దాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరుతో ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చి చూస్తే, 10 మందికి గుణం కనిపించిందని 1948లో ప్రకటించారు. అంతకు ముందు ఆ జబ్బుకు మందన్నదే లేదు. కాని ఆ తెరిపి నిలిచేది కాదు. కొద్ది వారాలకో నెలలకో జబ్బు తిరగబెట్టేది. కనుక తరువాతి డాక్టర్ల ముందున్న ప్రశ్న, "తెరిపి వస్తుందా?" అన్నది కాదు, "వచ్చిన తెరిపి ఎన్నాళ్ళు నిలుస్తుంది?" అన్నది.

ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఎమిల్ ఫ్రైరైక్, ఆయన సహచరులు చేసిన పరీక్ష 1963లో అచ్చయింది. స్టిరాయిడ్ మందుతో తెరిపి వచ్చిన పిల్లలను జతలు జతలుగా తీసుకుని, జతలో ఒకరికి 6-మెర్కాప్టోప్యూరిన్ అనే మందు, రెండోవారికి ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చారు. మొత్తం 21 జతలు, 42 మంది. ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్న 21 మందికీ జబ్బు తిరగబెట్టింది. వారిలో సగం మందికి 8 వారాల లోపలే. మందు వేసుకున్న 21 మంది లెక్క వారాల్లో ఇలా ఉంది:

6, 6, 6, 6+, 7, 9+, 10, 10+, 11+, 13, 16, 17+, 19+, 20+, 22, 23, 25+, 32+, 32+, 34+, 35+

ఈ అంకెల పక్కనున్న కూడిక గుర్తును చూడండి. గుర్తు లేని 6 అంటే ఆరో వారంలో జబ్బు తిరగబెట్టిన బిడ్డ. 6+ అంటే ఆరు వారాల పాటు చూశాం, అప్పటికి బిడ్డ బాగానే ఉంది, ఆ పైన ఏమయిందో మన పుస్తకంలో లేదు అని. చివరనున్న 35+ బిడ్డ ముప్పై అయిదు వారాలు గడిచినా తెరిపిలోనే ఉంది. ఇటువంటివారు 21 మందిలో 12 మంది.

ఇప్పుడు ఈ అంకెలు కంప్యూటరుకు ఇవ్వాలి. మూడు విధాలుగా ఇవ్వవచ్చు.

"కూడిక గుర్తు ఉన్నవారి సంగతి పూర్తిగా తెలియదు గదా, వారిని తీసేద్దాం" అనుకుని మిగిలిన 9 మందినే ఇచ్చామనుకోండి. మధ్యనున్న అంకె 10 వారాలు. ఉత్తుత్తి బిళ్ళకు 8, మందుకు 10. ఈ మాత్రానికి పసిపిల్లలకు ఇంత విషం లాంటి మందు ఎందుకని ఎవరైనా అడుగుతారు. రెండో విధం, గుర్తు ఎలా నమోదు చేయాలో తెలియక ఒట్టి అంకె వేసేయడం. అప్పుడు మధ్య అంకె 16 వారాలు. ఇది కొంత నయంగా కనిపిస్తుంది గాని అబద్ధమే. ఎందుకంటే, ముప్పై అయిదో వారంలో బాగున్న బిడ్డకు అదే వారంలో జబ్బు తిరగబెట్టినట్లు మనం రాసినట్టయింది. మూడో విధం, గుర్తును గుర్తుగానే చెప్పడం. అప్పుడు వచ్చే జవాబు 23 వారాలు.

10, 16, 23. పిల్లలు వారే, మందు అదే, కంప్యూటరూ అదే. మూడుసార్లూ అది కిమ్మనకుండా జవాబు అచ్చు వేసి ఇస్తుంది. మొదటి రెండూ తప్పని మనకు చెప్పదు, చెప్పలేదు కూడా. గుర్తును చెప్పే గడి ఖాళీగా వదిలేస్తే ఆర్ మనల్ని గద్దించదు. అందరికీ జబ్బు తిరగబెట్టిందనే అనుకుని లెక్క కట్టేస్తుంది.

అన్నిటికన్నా బాధపడవలసింది మొదటి పద్ధతికి. అందులో మనం తీసి పారేసింది ఎవరిని? మందు బాగా పనిచేసిన పిల్లలనే! గుణం కనిపించినవారిని లెక్కలోంచి తోసేసి, మందుకు గుణం లేదని తీర్పు చెప్పడమన్నమాట.

సరైన పద్ధతి కష్టమైనదేమీ కాదు. బడిలో హాజరు పట్టీ లాంటిది. ఎడ్వర్డ్ కాప్లన్, పాల్ మైయర్ 1958లో దాన్ని పద్ధతిగా రాశారు. ఆరో వారంలో హాజరైనవారు 21 మంది, అందులో జబ్బు తిరగబెట్టింది ముగ్గురికి, నిలిచినవారు 21కి 18. ఆ వారం తరువాత 6+ బిడ్డ మన కంటికి కనిపించడం లేదు కనుక పట్టీలోంచి పేరు తీస్తాం, జబ్బు వచ్చిందని మాత్రం రాయం. ఏడో వారంలో హాజరు 17, ఒకరికి తిరగబెట్టింది, నిలిచింది 17కి 16. ఈ భిన్నాలను వరసగా గుణించుకుంటూ పోతే ఎక్కడ సగానికి దిగుతుందో అదే జవాబు. ఇక్కడ 23వ వారంలో దిగింది. ఎవరిని ఎంతవరకు చూశామో అంతవరకు వారి మాట వినడమే దీనిలోని కిటుకు. ఇంట్లో అయిదో తరగతి పిల్లలుంటే ఈ లెక్క కాగితం మీద వేయించి చూడండి, వస్తుంది.

అక్కడితో ఆగరు. మందు లేకపోతే ప్రమాదం ఎన్ని రెట్లు అన్నది తేల్చడానికి డేవిడ్ కాక్స్ 1972లో ఒక పద్ధతి చెప్పారు. ఆయన ఉదాహరణగా తీసుకున్నదీ ఈ 42 మందినే. ఆ పద్ధతిని సాస్‌లో వేస్తే సుమారు 4.5 రెట్లని వస్తుంది. ఆర్‌లో వేస్తే సుమారు 4.8 అని వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు మాకు చెమటలు పట్టాయి. రెండూ తప్పు కాదు. ఒకే వారంలో ఇద్దరు ముగ్గురికి జబ్బు తిరగబెడితే ఎవరు ముందు, ఎవరు వెనక అన్న చిక్కును సాస్ ఒక విధంగా విప్పుతుంది, ఆర్ ఇంకో విధంగా విప్పుతుంది. మనం ఏమీ చెప్పకపోతే దేని అలవాటు దానిది. కనుక పేపరు రాసేటప్పుడు ఏ సాఫ్ట్‌వేరు, దాని ఎన్నో ప్రతి, ఏ పద్ధతి అని రాసి తీరాలి. వంట చెప్పేటప్పుడు పచ్చి చింతకాయా, పండు చింతపండా అన్నది చెప్పకపోతే ఎలా?

ఆ అచ్చు కాగితం అడుగున మూడు పరీక్షల ఫలితాలు ఉంటాయి. ఒకటి లైక్లీహుడ్ రేషియో, ఒకటి వాల్డ్, ఒకటి స్కోర్. ఈ మూడో పేరు దగ్గర మనవాళ్ళు ఒక్క క్షణం ఆగాలి. స్కోర్ టెస్టును 1948లో ప్రకటించినవారు కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. లోకానికి సి. ఆర్. రావుగారు.

1920లో, ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఎనిమిదో సంతానం కనుక కృష్ణుడి పేరు పెట్టారు. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఏ. చదివారు. యుద్ధపు రోజులు. ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళారు. ఆ ఉద్యోగం దొరకలేదు. 1941లో మహలనోబిస్‌గారి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువుకు చేరారు. 1945 నాటికే, పాతికేళ్ళ వయసులో, ప్రపంచమంతా ఇప్పటికీ పాఠంగా చదివే వ్యాసం రాశారు. తరువాత కేంబ్రిడ్జిలో, సూడాన్ నుంచి తవ్వి తెచ్చిన పాత ఎముకల కొలతల లెక్క చూస్తూ, రోనాల్డ్ ఫిషర్ దగ్గర డాక్టరేటు చేశారు. 1979 నుంచి పిట్స్‌బర్గ్‌లో, 1988 నుంచి పెన్ స్టేట్‌లో పనిచేశారు. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చినప్పుడు ఆయన వయసు 102. ఆ ఏడే ఆగస్టులో ఈ దేశంలోనే కన్నుమూశారు.

పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి దర్శనానికి మనలో వెళ్ళనివారు అరుదు. ఆ ఊళ్ళోనే ఆయన ఉన్నారని అప్పట్లో ఎందరికి తెలుసో! అమ్మాయీ, నీకొక మాట. ఆయన కూడా ఒక ఉద్యోగం కోసం బయలుదేరి, అది రాక, ఇంకొక గుమ్మం ఎక్కినవారే.

ఇంతవరకు ఇతరుల లెక్కలు. ఇక మా లెక్క చెప్పుకోకపోతే ఈ పాఠం చెప్పే అర్హత మాకు లేదు.

మేము వైద్యం చదివే రోజుల్లో స్టాటిస్టిక్స్ అంటే ఎస్.పి.ఎం. పరీక్షలో ఛాయిస్‌లో వదిలేసే ప్రశ్న. ఈ దేశానికి వచ్చిన రెండో ఏడు, ఒక హాస్పిటల్లో రిసెర్చి ఫెలోగా ఉన్నాం. దాని పేరు ఇక్కడ అనవసరం. ఇంటెన్సివ్ కేర్‌లో చేరిన 212 మంది పేషెంట్ల పాత చార్టులు తిరగేసి, పొగ తాగే అలవాటుకూ చావుకూ సంబంధం ఉందా అని చూడడం మా పని. తాగరు అంటే 0, తాగుతారు అంటే 1, చార్టులో తెలియకపోతే 9 అని వేశాం. ఆ 9 అర్థం మేము కాగితం మీద రాసుకున్నాం గాని, కంప్యూటరుకు చెప్పలేదు. దాని దృష్టిలో 9 అంటే తొమ్మిదే. పొగ తాగేవాడికన్నా తొమ్మిది రెట్లు పొగ తాగేవాడన్నమాట.

ఫలితం బ్రహ్మాండంగా వచ్చింది. పొగకూ చావుకూ గట్టి ముడి, పి విలువ 0.001 లోపల. అబ్‌స్ట్రాక్టు పంపితే పెద్ద సభవారు ఒప్పుకున్నారు. ప్రొఫెసరుగారు భుజం తట్టారు. మేము ఇంటికి ఫోను చేస్తే మా నాన్నగారు వీధి వీధంతా చెప్పుకున్నారు.

విమానం టిక్కెట్టు కూడా కొన్నాక, పోస్టరు అంకెలు సరిచూడడానికి మా విభాగపు గణాంక నిపుణురాలి దగ్గరికి వెళ్ళాం. పెద్దావిడ. కళ్ళజోడు సవరించుకుని కాగితం చూసి, "సున్నాకూ ఒకటికీ మధ్య ఉండవలసిన సగటు 2.6 ఎలా అయింది?" అని మాత్రం అడిగారు. ఇంకేమీ అనలేదు. కాగితం మా చేతికిచ్చి, చూసుకోమన్నారు.

ఆ రాత్రి చూసుకున్నాం. 9 వేసినవారు 53 మంది. వారిని పక్కన పెట్టి, సంగతి తెలిసిన 159 మందినే చూస్తే తేడా ఏమీ తేలలేదు. మరి మొదట అంత గట్టి ముడి ఎక్కడినుంచి వచ్చింది? మళ్ళీ చార్టులు తెప్పించి ఆ 53 మందినీ ఒక్కొక్కరినే చదివాం. అప్పుడు తెలిసింది. వారిలో ఎక్కువమంది గొంతులో గొట్టంతో వచ్చినవారు. పొగ తాగుతారా అని అడిగితే చెప్పడానికి నోరు లేదు, పక్కన చెప్పే మనిషి లేడు. అంత జబ్బుగా వచ్చినవారు కనుక ఎక్కువమంది పోయారు. నోట మాట లేక ఊరుకున్నవారి మౌనాన్ని మేము పొగగా లెక్క కట్టాం.

దాచడమెందుకు, ఎవరికీ తెలియదు గదా అని ఆ రాత్రి అనిపించింది. వీసా కాగితాలు ప్రొఫెసరుగారి సంతకం మీద ఆధారపడి ఉన్న రోజులు. మా ఆవిడ అప్పటికి నిండు నెలలతో ఉంది. సంగతంతా విని ఆవిడ, "ఏమండీ, రేపు ఇంకో డాక్టరు మీ పేపరు చదివి ఒక పేషెంటుకు ఏదో చేస్తాడు గదా. అప్పుడేం చేస్తారు?" అంది. తెల్లవారి వెళ్ళి చెప్పేశాం. ప్రొఫెసరుగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, సభలో నిలబడకముందే తెలిసింది, అదే మేలన్నారు. అబ్‌స్ట్రాక్టు వెనక్కి తీసుకుంటున్నామని రెండు వాక్యాల ఉత్తరం రాయడానికి మాకు రెండు రాత్రులు పట్టింది. టిక్కెట్టు డబ్బు పోయింది. వీసా పోలేదు.

ఇది మా ఒక్కరి తెలివితక్కువతనమైతే ఇంతగా రాయనక్కర్లేదు. పెద్దలకూ తప్పలేదు. ఎక్సెల్ చాలదా అన్న కుర్రాడి కోసం ఇది చెబుతాం. మార్చ్ 1, సెప్ట్ 2 అనే పేర్లున్న జన్యువులు ఉండేవి. ఎక్సెల్‌లో ఆ పేర్లు కొడితే అది మార్చి ఒకటో తారీకు, సెప్టెంబరు రెండో తారీకు అనుకుని మార్చేసేది. అచ్చయిన వ్యాసాల్లో ఎక్సెల్ జాబితాలు జతచేసిన వాటిని 2016లో కొందరు వెతికితే, సుమారు అయిదింట ఒక వ్యాసంలో ఈ తప్పు దొరికింది. ఎక్సెల్‌ను మార్చలేక చివరికి 2020లో జన్యువుల పేర్లే మార్చుకున్నారు. ఇలాంటివి నవ్వుకుని వదిలేయవచ్చు.

నవ్వలేనిది ఇంకొకటి ఉంది. కణితిలోని జన్యువుల తీరు చూసి ఏ పేషెంటుకు ఏ కీమో మందు పనిచేస్తుందో ముందే చెప్పవచ్చని 2006లో డ్యూక్ విశ్వవిద్యాలయం నుంచి ఒక వ్యాసం వచ్చింది. హ్యూస్టన్ ఎం.డి. ఆండర్సన్‌లోని కీత్ బ్యాగర్లీ, కెవిన్ కూంబ్స్ అనే ఇద్దరు గణాంక నిపుణులు ఆ లెక్కను తిరిగి వేసి చూస్తే రాలేదు. ఎందుకు రాలేదని తవ్వితే, జన్యువుల జాబితా ఒక వరస కిందికి జారిపోయి, ఒకదాని అంకె పక్కన ఇంకొకదాని పేరు పడిందని బయటపడింది. ఇంకా చాలా తప్పులు దొరికాయి. ఈలోగా ఆ లెక్కను నమ్మి క్యాన్సరు పేషెంట్లకు మందులు ఎంచే పరీక్షలు మొదలైపోయాయి. 2010లో వాటిని ఆపేశారు. 2011లో ఆ మొదటి వ్యాసాన్ని రద్దు చేశారు. ఆ బృందంలో ఒకరు తప్పుడు డేటా చూపారని 2015లో ప్రభుత్వ విచారణ తేల్చింది. పొరపాటుకూ మోసానికీ ఎంతో దూరం ఉంది, నిజమే. కాని వరస జారిన జాబితా కింద పడుకున్న పేషెంటుకు ఆ తేడాతో పనేమిటి?

అందుచేత, అమ్మాయీ, సాఫ్ట్‌వేరు తెరవకముందు ఈ అయిదు పనులు చెయ్యి.

మొదటిది, గణాంకం తెలిసిన మనిషిని ముందే కలుసుకో. ప్రయోగమంతా అయ్యాక గణాంక శాస్త్రజ్ఞుణ్ణి పిలవడమంటే శవపరీక్షకు పిలిచినట్టేనని ఫిషర్ 1938లో మన దేశపు గణాంక మహాసభలోనే చెప్పారు. డాక్టర్లకు ఇంతకన్నా అర్థమయ్యేలా చెప్పడం ఎవరివల్లా కాదు.

రెండవది, డేటాకు ఒక నిఘంటువు రాయి. ఏ గడి పేరుకు ఏమిటి అర్థం, ఏ కొలతల్లో ఉంది, ఖాళీకి గుర్తు ఏమిటి అన్నది రాయాలి. ఆర్‌లో తెలియనిదానికి వేరే గుర్తు ఉంది. అది వాడు, 9 వేయకు. హాస్పిటల్లో రెడ్‌క్యాప్ ఉంటే డేటా అందులోనే ఎక్కించు. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంవారు 2004లో చేసిన ఏర్పాటు అది. వయసు గడిలో 430 కొడితే ఇదేమిటని అడిగేటట్టు పెట్టుకోవచ్చు.

మూడవది, అసలు ఫైలును ఎన్నడూ దిద్దకు. అది మూలవిరాట్టు. మార్పులన్నీ ప్రోగ్రాములో వరసగా రాయి. మౌసుతో నొక్కుతూ పోతే ఆర్నెల్ల తరువాత ఏం నొక్కావో నీకే తెలియదు. రాసి పెట్టుకుంటే ఇంకొకరు తిరిగి వేసి చూడగలరు.

నాలుగవది, పెద్ద పరీక్షలకు పోకముందు ఒక్కొక్క గడికీ అతి చిన్న అంకె, అతి పెద్ద అంకె, సగటు, ఖాళీల సంఖ్య చూడు. మా 2.6 అక్కడే దొరికి ఉండేది. ఖాళీలు కనిపిస్తే, ఆ ఖాళీ ఎవరిదో, ఎందుకు వచ్చిందో చార్టు తీసి చదువు.

అయిదవది, పేషెంట్ల పేర్లు, పుట్టిన తేదీలు ఉన్న ఫైలును ఇంటి కంప్యూటర్లోకి, ఫోనులోకి తెచ్చుకోకు. ఈ దేశంలో దానికి చట్టం ఉంది. చట్టం లేకపోయినా చేయకూడని పనే.

డాక్టర్లు కాని పాఠకులు, ఇదంతా మాకెందుకు అనుకోవద్దు. మన అమ్మానాన్నలు వేసుకునే బి.పి. బిళ్ళ, చక్కెర బిళ్ళ వెనక ఇలాంటి పట్టికే ఉంటుంది. రేపు మనలో ఎవరినైనా కొత్త మందు పరీక్షలో చేరమని అడిగితే, "మధ్యలో మానేసినవారిని లెక్కలో ఎలా చూస్తారు?" అని ఒక్క ప్రశ్న వేయండి. అది అడిగే హక్కు మనది. చెప్పడం వారి ధర్మం.

అచ్చుకు ఇచ్చే ముందు ఈ కాగితాలను ఆ అమ్మాయికి చదివి వినిపించాం. అంతా విని, తన పట్టికలో పద్నాలుగు ఖాళీలున్నాయనీ, వాటిని తీసేసి లెక్క మొదలుపెట్టేసిందనీ చెప్పింది. "రేపు రికార్డు రూముకు వెళ్తాను సార్" అంది. ప్రొఫెసరుగారిచ్చిన నెలలో పదకొండు రోజులే మిగిలాయట. గడువు పెంచమని అడగమన్నాం. ఏమంటారో వచ్చే నెల చెబుతాం. దానితోపాటు, పండగ పిండివంటలూ చక్కెర వ్యాధీ అన్న విషయం మీద వచ్చిన మూడు ఉత్తరాలకు జవాబు కూడా.